ప్రపంచ చదరంగ ఛాంపియన్‌షిప్ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో గుకేశ్ దొమ్మరాజు ప్రపంచ ఛాంపియన్ అయిన దగ్గర నుంచి, ఇంతకుముందు చదరంగం జోలికి పోనివారు కూడా ఈ టైటిల్ గురించి అడుగుతున్నారు. చూడటానికి విడివిడిగా ఉన్నా, ఆ ప్రశ్నల్లో చాలావాటి మూలం ఒక్కటే: ఈ టైటిల్ అసలు ఎవరి సొత్తు? దాన్ని గెలిచిన ఆటగాడిదా, పోటీ నిర్వహించే సంస్థదా? నూట ముప్పై ఎనిమిదేళ్ల చరిత్రలో జరిగిన పెద్ద గొడవలు దాదాపు అన్నీ ఈ ఒక్క విషయం మీదే జరిగాయి.

గుకేశ్‌ను 18వ ప్రపంచ ఛాంపియన్ అంటారు. ఆ లెక్క ఎక్కడ మొదలైంది?

1886లో మొదలైంది. ఆ ఏడాది విల్హెల్మ్ స్టైనిట్జ్, యోహానెస్ జుకెర్టార్ట్ అమెరికాలో తలపడినప్పుడు, తాము ఆడుతున్నది ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసమేనని ఒప్పంద పత్రంలో రాసుకున్నారు. వారసత్వ క్రమం ఇది: స్టైనిట్జ్, లాస్కర్, కాపాబ్లాంకా, అలెఖిన్, యూవే, బోట్వినిక్, స్మిస్లోవ్, తాల్, పెట్రోస్యాన్, స్పాస్కీ, ఫిషర్, కార్పోవ్, కాస్పరోవ్, క్రామ్నిక్, ఆనంద్, కార్ల్‌సన్, డింగ్ లిరెన్, గుకేశ్. టైటిల్ పోగొట్టుకుని మళ్లీ గెలిచినవారిని ఇందులో ఒక్కసారే లెక్కిస్తారు. మధ్యలో ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నిర్వహించిన నాకౌట్ పోటీల్లో గెలిచినవారు ఈ వరుసలోకి రారు. దానికి కారణం 1993 గురించిన ప్రశ్న దగ్గర చెబుతాను.

1886కు ముందు ప్రపంచంలో అత్యుత్తమ ఆటగాడు ఎవరో జనానికి తెలియదా?

తెలుసు, కానీ ఆ గుర్తింపు నోటిమాటగానే ఉండేది. 1834లో లండన్‌లో ఆనాటి మేటి ఆటగాళ్లు లాబూర్దొనే, మెక్‌డానెల్ వరుస మ్యాచ్‌లలో 85 గేములు ఆడారు. 1851లో లండన్‌లోనే జరిగిన అంతర్జాతీయ టోర్నమెంటులో జర్మనీకి చెందిన అడాల్ఫ్ అండర్సన్ గెలిచాడు. 1858లో అమెరికా యువకుడు పాల్ మార్ఫీ పారిస్‌లో ఆ అండర్సన్‌నే ఓడించి, కొద్ది కాలానికే పెద్ద పోటీల నుంచి తప్పుకున్నాడు. తన కాలంలో మార్ఫీకి సాటివచ్చేవారు లేరని చెప్పడానికి నాకు సంకోచం లేదు. అయినా ఆయన్ను ఛాంపియన్ల వరుసలో చేర్చరు, ఎందుకంటే అప్పటికి ఆ పేరుతో లాంఛనంగా ఒప్పుకుని ఆడిన పోటీ లేదు.

ఆ మొదటి పోటీ ఎలా జరిగింది?

చెరొక 2,000 డాలర్ల పందెం కట్టి, డ్రాలను లెక్కలోకి తీసుకోకుండా, ముందుగా పది గేములు గెలిచినవారిదే విజయం అనే షరతు మీద న్యూయార్క్, సెయింట్ లూయిస్, న్యూ ఆర్లీన్స్ నగరాల్లో ఆడారు. మొదటి గేము స్టైనిట్జ్ గెలిచాడు. తర్వాతి నాలుగూ వరుసగా జుకెర్టార్ట్‌వే. న్యూయార్క్ వదిలి బయలుదేరేసరికి స్కోరు 4–1. అప్పటికి స్టైనిట్జ్‌కు దాదాపు యాభై ఏళ్లు. అక్కడి నుంచి పోటీ తిరగబడింది. సెయింట్ లూయిస్‌లో సమానమై, న్యూ ఆర్లీన్స్‌లో పూర్తిగా స్టైనిట్జ్ వైపు ఒరిగి, మార్చి నెలాఖరుకు పది విజయాలు, ఐదు ఓటములు, ఐదు డ్రాలతో ముగిసింది. జుకెర్టార్ట్ ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు, రెండేళ్లకే కన్నుమూశాడు.

స్టైనిట్జ్ గెలుపులో నన్ను ఆకట్టుకునేది ఆయన ఆలోచన. బంట్లను, పావులను త్యాగం చేసి రాజు మీద విరుచుకుపడటమే గొప్ప ఆట అని అందరూ నమ్మే రోజుల్లో, చిన్న చిన్న ఆధిక్యాలను ఓపికగా కూడబెట్టాలని, స్థితి అనుకూలించకుండా దాడికి దిగకూడదని ఆయన వాదించాడు, ఆడి చూపించాడు. అలాంటి మనిషి 1900లో న్యూయార్క్‌లో పేదరికంలో మరణించాడు.

ఛాంపియన్‌ను సవాలు చేసే హక్కు ఎవరికి ఉండేది?

డబ్బు పోగుచేయగలిగినవారికి. తొలి ఛాంపియన్ల కాలంలో టైటిల్ ఆటగాడి సొంత ఆస్తి వంటిది. ఎవరితో ఆడాలో, ఎప్పుడు ఆడాలో, ఎంత పందేనికి ఆడాలో ఛాంపియనే తేల్చేవాడు. 1894లో స్టైనిట్జ్‌ను ఓడించిన ఇమాన్యుయేల్ లాస్కర్ 27 ఏళ్లపాటు టైటిల్ నిలుపుకున్నాడు. అది నేటికీ చెక్కుచెదరని రికార్డు. అయితే ఆ 27 ఏళ్లలో టైటిల్ కోసం ఆడని సంవత్సరాలే ఎక్కువ. 1910లో కార్ల్ ష్లెక్టర్‌తో పది గేముల మ్యాచ్‌లో లాస్కర్ చివరి గేముకు ముందు ఒక పాయింటు వెనకబడి ఉన్నాడు (గెలుపుకు ఒక పాయింటు, డ్రాకు అర). డ్రా అయితే చాలుననుకోదగిన ఆ గేములో ష్లెక్టర్ గెలుపు కోసం ఆడి ఓడిపోయాడు. మ్యాచ్ 5–5తో ముగిసి టైటిల్ లాస్కర్ దగ్గరే ఉండిపోయింది.

1921లో హవానాలో కాపాబ్లాంకా ఒక్క గేము కూడా ఓడకుండా లాస్కర్‌ను దించాడు. మరుసటి ఏడాది లండన్‌లో ఆనాటి అగ్రశ్రేణి ఆటగాళ్లు ఆయన ప్రతిపాదించిన నిబంధనల మీద సంతకాలు చేశారు. సవాలు చేసేవారు కనీసం 10,000 డాలర్లు సమకూర్చాలన్నది వాటిలో ఒకటి. ఆనాటికి అది పెద్ద మొత్తం. 1927లో అలెఖిన్ ఆ డబ్బు సమకూర్చుకుని బ్యూనోస్ ఐరిస్‌లో 34 గేములు ఆడి, ఆరు గెలిచి, మూడు ఓడి, టైటిల్ తీసుకున్నాడు. అంతకుముందు కాపాబ్లాంకా మీద అలెఖిన్ ఒక్క గేము కూడా గెలిచి ఉండలేదు. ఆ తర్వాత కాపాబ్లాంకాకు తిరుగు మ్యాచ్ అవకాశం రానే లేదు. టైటిల్ ఒక మనిషి చేతిలో ఉంటే ఏమవుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఛాంపియన్‌గా ఉండగానే ఎవరైనా మరణించారా?

ఈ వరుసలో అలెఖిన్ ఒక్కడే. 1935లో గణిత ఉపాధ్యాయుడైన మాక్స్ యూవే చేతిలో ఓడి, 1937లో మళ్లీ గెలిచిన అలెఖిన్, 1946 మార్చిలో పోర్చుగల్‌లో మరణించాడు. ఎవరిని ఓడించి ఛాంపియన్ కావాలో తెలియని పరిస్థితి ఏర్పడింది. 1924లో పారిస్‌లో పుట్టి, అప్పటిదాకా ఈ టైటిల్ మీద పట్టు సాధించలేకపోయిన ఫిడేకు అదే అవకాశమైంది. 1948లో హేగ్, మాస్కో నగరాల్లో బోట్వినిక్, స్మిస్లోవ్, కెరెస్, రెషెవ్‌స్కీ, యూవేలతో పోటీ పెట్టింది. బోట్వినిక్ 20 గేముల్లో 14 పాయింట్లతో, రెండో స్థానంలో ఉన్న స్మిస్లోవ్ కంటే మూడు పాయింట్ల తేడాతో గెలిచాడు.

ఆ తర్వాత మూడేళ్లకొకసారి మ్యాచ్ జరగాలని, క్యాండిడేట్స్ పోటీలో గెలిచినవారే సవాలు చేయాలని ఫిడే నియమం పెట్టింది. సవాలుదారు డబ్బు సంచితో కాక ఆటతో అర్హత సంపాదించడం అప్పుడు మొదలైంది. ఫిడే మీద నాకు ఎన్ని అభ్యంతరాలున్నా, ఈ మేలును మరువకూడదు.

బోట్వినిక్ మూడుసార్లు ఓడినా అంతకాలం ఛాంపియన్‌గా ఎలా ఉన్నాడు?

రెండు నియమాలు ఆయనకు కలిసివచ్చాయి. 24 గేముల మ్యాచ్ 12–12తో సమమైతే టైటిల్ ఛాంపియన్‌దే. 1951లో బ్రోన్‌స్టీన్‌తో, 1954లో స్మిస్లోవ్‌తో జరిగింది అదే. ఇక ఓడిన ఛాంపియన్‌కు ఏడాదిలోగా తిరుగు మ్యాచ్ హక్కు ఉండేది. 1957లో స్మిస్లోవ్ చేతిలో ఓడి 1958లో, 1960లో తాల్ చేతిలో ఓడి 1961లో ఆయన టైటిల్ తిరిగి తెచ్చుకున్నాడు. 1963లో పెట్రోస్యాన్ గెలిచేనాటికి ఆ హక్కును తీసేశారు. నియమం సాయం చేసిందన్నది నిజమే. కానీ యాభయ్యో ఏట, తాల్ వంటి మెరుపు ఆటగాడి గేములను కూర్చుని తవ్వి తీసి, పథకం వేసుకుని ఓడించడం నియమం చేసిన పని కాదు.

1972 మ్యాచ్‌కు అంత పేరెందుకు?

1948 నుంచి ఛాంపియన్లందరూ సోవియట్ యూనియన్ వారే. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఆ వరుసకు ఎదురుగా ఒక్క అమెరికన్, బాబీ ఫిషర్, నిలబడ్డాడు. ఛాంపియన్ బోరిస్ స్పాస్కీతో మ్యాచ్ ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో. డబ్బు చాలదని ఫిషర్ అక్కడికి రాకుండా ఆగిపోతే, బ్రిటన్ ధనికుడు జిమ్ స్లేటర్ బహుమతి మొత్తాన్ని రెట్టింపు చేశాడు. తీరా వచ్చాక మొదటి గేములో డ్రా కావలసిన స్థితిలో బిషప్‌తో హెచ్2 గడిలోని బంటును తీసుకుని, ఆ బిషప్ చిక్కుకుపోగా ఓడాడు. కెమెరాల మీద అభ్యంతరంతో రెండో గేముకు రాలేదు. 0–2 స్కోరుతో మ్యాచ్ ఆగిపోయేలా ఉండగా, మూడో గేమును ప్రేక్షకులకు దూరంగా చిన్న గదిలో ఆడటానికి స్పాస్కీ ఒప్పుకున్నాడు. ఆ గేములో ఫిషర్ జీవితంలో మొదటిసారి స్పాస్కీని ఓడించాడు. వేదిక వదిలి ఇంటికి వెళ్లిపోయినా ఛాంపియన్‌గా మిగలగలిగిన స్పాస్కీ, ఆడటాన్నే ఎంచుకున్నాడు. నా దృష్టిలో ఆ మ్యాచ్‌లో అందరికంటే హుందాగా నడుచుకున్నది ఆయనే.

ఇరవై ఒకటో గేము మధ్యలో ఆగింది. అప్పట్లో గంటల తరబడి సాగిన గేమును మరునాటికి వాయిదా వేసేవారు. ఎత్తు వేయవలసిన ఆటగాడు తన తర్వాతి ఎత్తును కాగితం మీద రాసి, కవరులో పెట్టి, పోటీని పర్యవేక్షించే ఆర్బిటర్‌కు ఇవ్వాలి. మరునాడు ఆ కవరు విప్పి ఆట కొనసాగిస్తారు. స్పాస్కీ ఎత్తు రాసి ఇచ్చాడు గాని, సెప్టెంబరు 1న ఆర్బిటర్‌కు ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్నాడు. ఫిషర్ 12½–8½తో ఛాంపియన్ అయ్యాడన్న మాట హాలులో ఎత్తులతో కాక, ఒక ప్రకటనతో తెలిసింది.

1975లో కార్పోవ్ ఒక్క ఎత్తు కూడా వేయకుండా ఛాంపియన్ అయ్యాడా?

అవును. డ్రాలు లెక్కించకుండా పది గెలుపుల వరకు ఆడాలని, స్కోరు 9–9 అయితే టైటిల్ తన దగ్గరే ఉండాలని ఫిషర్ పట్టుబట్టాడు. మొదటిదానికి ఫిడే ఒప్పుకుంది, రెండోదానికి ఒప్పుకోలేదు. రెండో షరతు ప్రకారం సవాలుదారు కనీసం 10–8తో గెలవాలి, అంటే రెండు గెలుపుల తేడా కావాలి. ఫిషర్ ఆడలేదు, 1975 ఏప్రిల్‌లో సవాలుదారు కార్పోవ్‌ను ఛాంపియన్‌గా ప్రకటించారు. ఆ తర్వాత కార్పోవ్ ఆడిన టోర్నమెంట్లు, 1978లో ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో, 1981లో ఇటలీలోని మెరానోలో కొర్చ్‌నోయ్ మీద సాధించిన గెలుపులు చూశాక, ఆయన్ను కాగితం ఛాంపియన్ అనడం అన్యాయం.

1984లో మొదలైన మ్యాచ్‌ను మధ్యలో ఎందుకు ఆపేశారు?

ముందుగా ఆరు గేములు గెలిచినవారిదే టైటిల్, గేముల సంఖ్యకు పరిమితి లేదు. 1984 సెప్టెంబరులో మాస్కోలో మొదలైన ఈ మ్యాచ్‌లో తొమ్మిది గేములకే కార్పోవ్ 4–0 ఆధిక్యంలోకి వెళ్లాడు. 21 ఏళ్ల కాస్పరోవ్ ఇక ఓడకూడదని నిశ్చయించుకున్నట్టు ఆడటంతో, ఆ తర్వాత వరుసగా 17 డ్రాలు. ఇరవై ఏడో గేములో కార్పోవ్ 5–0 చేశాడు. ఒక్కటి గెలిస్తే చాలు. ఆ ఒక్కటే రాలేదు. ముప్పై రెండోది కాస్పరోవ్ గెలిచాడు, మళ్లీ 14 డ్రాలు, ఆ తర్వాత నలభై ఏడు, నలభై ఎనిమిది గేములు వరుసగా కాస్పరోవ్‌వే. స్కోరు 5–3.

1985 ఫిబ్రవరి 15న ఫిడే అధ్యక్షుడు కాంపోమానెస్, ఆటగాళ్లు అలసిపోయారన్న కారణం చూపి ఫలితం లేకుండా మ్యాచ్ ఆపేశారు. ఐదు నెలలు ఆడిన తర్వాత, గాలి ఒకరి వైపు తిరుగుతున్న సమయంలో తీసుకున్న ఆ నిర్ణయాన్ని నేను ఇప్పటికీ సమర్థించలేను. కాస్పరోవ్‌కు ఫిడే మీద నమ్మకం పోవడానికి బీజం అక్కడే పడింది. ఆ ఏడాదే 24 గేముల పరిమితితో కొత్త మ్యాచ్ జరిగి, కాస్పరోవ్ 13–11తో గెలిచి 22వ ఏట ఛాంపియన్ అయ్యాడు. అప్పటి నుంచి గేముల సంఖ్యకు పరిమితి లేని మ్యాచ్ మళ్లీ జరగలేదు.

1993 తర్వాత ఇద్దరు ఛాంపియన్లు ఎలా వచ్చారు?

సవాలుదారు నైజెల్ షార్ట్, కాస్పరోవ్ కలిసి ఫిడేను కాదని, సొంత సంఘం పేరుతో లండన్‌లో ఆడారు. ఫిడే కాస్పరోవ్ టైటిల్ రద్దు చేసి, కార్పోవ్‌కు, టిమాన్‌కు పోటీ పెట్టింది. కార్పోవ్ గెలిచాడు. ఒకవైపు ఛాంపియన్‌ను ఓడించి ఛాంపియన్ కావాలన్న పాత ఆచారం, మరోవైపు సంస్థ ముద్ర. రెండూ విడిపోయాయి. తర్వాత ఫిడే వందమందికి దగ్గరగా ఆడే నాకౌట్ పోటీలు పెట్టింది. వాటిలో ఖలీఫ్‌మాన్, ఆనంద్, పొనొమారియోవ్, కాసిమ్‌జానోవ్ గెలిచారు. రెండు గేముల చిన్న మ్యాచ్‌లలో పడుతూ లేస్తూ చివరిదాకా నిలబడటం తేలిక కాదు. కాని అంతకుముందున్న ఛాంపియన్‌ను సుదీర్ఘమైన మ్యాచ్‌లో దించినవారే వారసులని ఎక్కువమంది భావించారు కనుక, వరుస సంఖ్య కాస్పరోవ్ నుంచి 2000లో లండన్‌లో ఆయన్ను ఓడించిన క్రామ్నిక్‌కు వెళ్లింది. ఆ మ్యాచ్‌లో కాస్పరోవ్ ఒక్క గేము కూడా గెలవలేకపోయాడు.

2006లో ఎలిస్టాలో క్రామ్నిక్, ఫిడే ఛాంపియన్ తొపలోవ్ తలపడటంతో చీలిక ముగిసింది. క్రామ్నిక్ మాటిమాటికీ విశ్రాంతి గదిలోని మరుగుదొడ్డికి వెళుతున్నాడని తొపలోవ్ బృందం ఫిర్యాదు చేసింది. దానికి తాళం వేయడంతో క్రామ్నిక్ ఐదో గేము ఆడలేదు. అయినా 6–6తో సమమై, తక్కువ సమయంలో ఆడే ర్యాపిడ్ గేముల్లో క్రామ్నిక్ 2½–1½తో గెలిచాడు.

విశ్వనాథన్ ఆనంద్ ఎన్నిసార్లు ప్రపంచ ఛాంపియన్?

ఐదుసార్లు: 2000, 2007, 2008, 2010, 2012. మొదటిది న్యూఢిల్లీలో మొదలై టెహ్రాన్‌లో ముగిసిన నాకౌట్ పోటీలో వచ్చింది. 2002లో హైదరాబాద్‌లో ఆయన గెలిచింది ప్రపంచ కప్. అది వేరే పోటీ, దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. 1995లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ 107వ అంతస్తులో కాస్పరోవ్‌తో ఆడినప్పుడు మొదటి ఎనిమిది గేములు డ్రా చేసి తొమ్మిదోది గెలిచినా, చివరికి 10½–7½తో ఓడారు. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల విమానాలు ఆగిపోతే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సోఫియాకు రోడ్డు మార్గాన వెళ్లి, చివరి గేమును నల్ల పావులతో గెలిచి తొపలోవ్ మీద టైటిల్ కాపాడుకున్నారు. 2013లో సొంత ఊరైన చెన్నైలోనే మాగ్నస్ కార్ల్‌సన్ చేతిలో టైటిల్ కోల్పోయారు.

కంప్యూటర్‌తో ఓడినప్పుడు కాస్పరోవ్ టైటిల్ పోయిందా?

లేదు. 1997లో డీప్ బ్లూతో ఆడినది ప్రదర్శన మ్యాచ్, టైటిల్ పందెంలో లేదు. కంప్యూటర్లు మార్చింది మరొకటి: రాత్రంతా యంత్రంతో పరిశీలించే వీలు వచ్చాక, గేమును మరునాటికి వాయిదా వేయడానికి అర్థం లేకుండా పోయింది. కవరులో ఎత్తు రాసిపెట్టే పద్ధతి అలా అంతరించింది.

మ్యాచ్ సమమైతే ఇప్పుడు ఏం చేస్తారు?

తక్కువ సమయం ఉండే ర్యాపిడ్ గేములు ఆడిస్తారు. 2012, 2016, 2018, 2023 మ్యాచ్‌లు ఇలాగే తేలాయి. 2018లో కార్ల్‌సన్, కరువానా మధ్య 12 గేములూ డ్రా అయ్యాయి. నిదానంగా ఆలోచించి ఆడే ఆటలో విజేతను వేగం తేల్చడం నాకు రుచించదు, కానీ సమమైతే ఛాంపియన్‌కే అన్న పాత నియమం కంటే ఇది సవాలుదారుకు న్యాయం చేస్తుంది.

కోనేరు హంపిని ప్రపంచ ఛాంపియన్ అనవచ్చా?

అనవచ్చు, అయితే ఏ విభాగమో చెప్పాలి. హంపి 2019లోను, 2024లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్. నిదానంగా ఆలోచించి ఆడే క్లాసికల్ విభాగంలో 2011లో టిరానాలో చైనాకు చెందిన హౌ యిఫాన్‌ను సవాలు చేసి 5½–2½తో ఓడారు. గుడివాడలో పుట్టి, ప్రపంచ టైటిల్ మ్యాచ్ దాకా వెళ్లిన తెలుగు ఆడపిల్ల ఆమె. ఆ ఓటమిని కూడా నేను గర్వంగానే చెబుతాను. ద్రోణవల్లి హారిక మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 2012, 2015, 2017లలో సెమీఫైనల్ చేరి కాంస్యాలు గెలిచారు.

మహిళల టైటిల్ 1927లో లండన్‌లో మొదలైంది. మొదటి ఛాంపియన్ వేరా మెన్‌చిక్, 1944లో లండన్ మీద జరిగిన జర్మన్ బాంబు దాడిలో మరణించేవరకు ఆ టైటిల్ వదలలేదు.

కార్ల్‌సన్ ఓడకుండానే టైటిల్ ఎందుకు వదిలేశాడు?

ఐదు మ్యాచ్‌లు గెలిచాక మరో మ్యాచ్ ఆడే ఉత్సాహం లేదని 2022లో ప్రకటించాడు. 2023లో అస్తానాలో నెపోమ్నియాషి, డింగ్ లిరెన్ ఆడగా డింగ్ గెలిచాడు. కార్ల్‌సన్‌ను ఓడించని ఛాంపియన్లకు విలువ ఏమిటని కొందరు అడుగుతారు. కార్పోవ్ విషయంలోనూ ఇదే ప్రశ్న వచ్చింది. ఆడటానికి రానివారిని ఓడించడం ఎవరికీ సాధ్యం కాదు.

గుకేశ్ చివరి గేములో సరిగ్గా ఏం జరిగింది?

పదమూడు గేములు ముగిసేసరికి స్కోరు 6½–6½. పద్నాలుగో గేములో డింగ్ తెల్ల పావులతో ఆడాడు. ఇద్దరి దగ్గరా చెరొక ఏనుగు, చెరొక బిషప్, కొద్ది బంట్లు మిగిలాయి. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. జాగ్రత్తగా ఆడితే డ్రా అయ్యే స్థితి. డింగ్ తన 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2 గడికి తెచ్చి, ఏనుగుల మార్పిడికి ఆహ్వానించాడు. అప్పుడు అతని బిషప్ ఏ8 మూలన ఉంది. గుకేశ్ ఏనుగులు మార్చుకుని, తన బిషప్‌ను డి5కు తెచ్చాడు. మూలనున్న బిషప్‌కు తప్పించుకునే దారి లేదు, మార్చుకోక తప్పదు. మార్చుకుంటే మిగిలేది రాజులు, బంట్లే, అందులో అదనపు బంటే గెలుపు. 58 ఎత్తులకు డింగ్ ఓటమి ఒప్పుకుంటూ చేయి చాచాడు. గుకేశ్ కన్నీళ్లు తుడుచుకుంటూనే పావులన్నిటినీ మళ్లీ మొదటి స్థానాల్లో పేర్చి, బల్లకు నమస్కరించాడు. అప్పటికి అతని వయసు 18 ఏళ్లు. 22 ఏళ్ల కాస్పరోవ్ రికార్డు అలా చెరిగిపోయింది.

గుకేశ్ చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఆ మ్యాచ్‌కు తెరవెనుక సిద్ధం చేసిన బృందంలో గుంటూరుకు చెందిన గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు.

పాత మ్యాచ్‌లలో ముందుగా ఏ గేములు చూడాలి?

1972 ఆరో గేముతో మొదలుపెట్టండి. అది ముగిశాక ఓడిన స్పాస్కీ కూడా చప్పట్లు కొట్టాడు. తర్వాత 1985 మ్యాచ్‌లోని పదహారో గేము. డి3 గడిలో తిష్ఠ వేసిన కాస్పరోవ్ నల్ల గుర్రం, కార్పోవ్ పావులన్నిటినీ ఎలా కట్టిపడేసిందో గమనించండి. ఓపిక ఉంటే 136 ఎత్తులు సాగిన 2021 దుబాయ్ మ్యాచ్ ఆరో గేము. ఇవన్నీ తెరమీద చకచకా జరపకుండా, బల్ల మీద పావులు పేర్చుకుని, ప్రతి ఎత్తు దగ్గరా మీరైతే ఏం ఆడేవారో అనుకున్నాకే తర్వాతి ఎత్తు చూడండి.